ఖాళీగా వదలని పేజీ

మొన్న నర్సింగు చదువుతున్న మా మనవరాలు ఫోన్‌లో ఏవో పాత కాగితాలు చూపించింది. నూటయాభై ఏళ్ల కిందట అమెరికాలో డాక్టరీ చదివినవాళ్లు పాఠం వింటూ రాసుకున్న నోటు పుస్తకాలట. సిరా మరకలూ, కొట్టివేతలూ, అంచుల్లో ఎముకల బొమ్మలూ చూసి మురిసిపోతుంటే, ఒకచోట తారీఖు కింద ఒకే వాక్యం కనిపించింది: ఈ రోజు పాఠానికి వెళ్లలేదు అని. మిగతా పేజీ అంతా తెల్లగా ఉంది. నేను నర్సింగు చదివిన రోజుల నోటు పుస్తకం గుర్తొచ్చింది.

మన రోజుల్లో పుస్తకాలు కొనే తాహతు ఎవరికుండేది చెప్పండి! ట్యూటరమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం, శీర్షికలకు ఎర్ర సిరా, నెలాఖరుకు ఆవిడ తనిఖీ. పేజీ ఖాళీగా ఉంటే క్లాసు ముందు నిలబెట్టి దులిపేసేది. జ్వరమొచ్చి నేను మానేసిన గుండె మందు పాఠానికి ఎవరి నోట్సూ దొరక్క, నాకు తోచింది రాసి పేజీ నింపేశాను. నాడి మరీ ఎక్కువగా కొట్టుకుంటే ఆ మందు ఆపాలని రాశాను. నిజానికి అరవై కన్నా తగ్గితే ఆపాలి. ఆవిడ చదవకుండానే సంతకం పెట్టేసింది. తర్వాత వార్డులో అసలు సంగతి తెలిసినా, అంత అందమైన పేజీలో కొట్టివేత ఎందుకులే అని వదిలేశాను. ఏం పొగరమ్మా నాది!

ఎనభైల్లో బహ్రెయిన్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరినప్పుడు ఆ పుస్తకం నా పెట్టెలోనే ఉంది. అక్కడ జుఫైర్ అనే పేటలో మా గదిలోకి నిజామాబాద్ వైపు నుంచి కొత్తగా ఒక చెల్లి వచ్చింది. కాన్పుల వార్డు తప్ప ఇంకోటి ఎరగదు. చేరిన మూడు నెలలకు మేట్రన్ నోటిపరీక్ష పెట్టేది, రోగి ప్రాణం మీదికి తెచ్చే జవాబు ఒక్కటి చెప్పినా తిరుగు విమానమే. ఇంట్లో తండ్రి మంచాన పడ్డాడు, ఆ పిల్ల ఉద్యోగమే వాళ్లకు దిక్కు. నా నోట్సు అడిగితే గొప్పగా తీసిచ్చాను. ఆ పేజీ సంగతి నాకు గుర్తే రాలేదు. "నీ నోట్సు ఉండంగ నాకేం భయం అక్కా" అంటూ డ్యూటీ దిగగానే కూర్చుని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టింది. శుక్రవారం తెలుగు క్రైస్తవుల సహవాస కూటంలో ఆమె కోసం గొంతెత్తి ప్రార్థన చేసింది కూడా నేనే.

మేట్రన్ అడిగింది ఆ గుండె మందు గురించే.

గదికి వచ్చి ఏడుస్తూ, "నీ నోట్సుల తప్పెందుకుంటది అక్కా, నేనే తారుమారు చదివిన. నాకు దుబాయి అచ్చిరాలే" అంది. వాళ్ల వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. నేను మేట్రన్ దగ్గరికి వెళ్లి తప్పు నాదని ఒప్పుకుంటే ఇంకో అవకాశం ఇచ్చేదేమో. వెళ్లలేదు. ఆవిడ దగ్గర నాకున్న మంచిపేరు పోతుందని భయపడ్డాను. సామాను సర్దడానికి సాయం చేసి, విమానాశ్రయం దాకా వెళ్లి సాగనంపి వచ్చాను. పుస్తకానికి కొత్త అట్ట వేసి నా మంచం మీద పెట్టి వెళ్లింది మహాతల్లి.

ఇప్పటి పిల్లలు పాఠం తప్పితే ఫోన్‌లో మళ్లీ వింటారు, తోచింది రాసి నింపే అవసరమే లేదు. మా మనవరాలు కూడా ఆ తెల్ల పేజీలో చూడ్డానికేముందని జరిపేయబోతే, ఉండవే తల్లీ అన్నాను. వెళ్లలేదు అని ఒక్క ముక్క రాసుకుంటే పోయేది, ఆ పిల్ల బతుకు నిలబడేది. ఆ అట్ట వేసిన పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది. ఆ పేజీలో ఇవాళ్టికీ ఒక్క కొట్టివేత లేదు.