వినపడిందే చెప్పాలి

కారు బాగుందో లేదో కళ్ళతో చూసి తేల్చేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. షోరూములో తలుపు తీసి, లోపల టీవీ అంత స్క్రీను చూసి మురిసిపోయి, నెత్తిమీద అద్దం తెరుచుకుంటుందా అని అడిగి కొనేస్తారు. మా పటమటలో అలాంటివి ఇంటికొకటి. సందులో పట్టవు, బందరు రోడ్డు మీద రెండో గేరు దాటవు. బానెట్ తీయమంటే ఏ మీట లాగాలో యజమానికి తెలియదు. ఎవడి పిచ్చి వాడికానందం. నా పిచ్చి ఇంజిన్ చప్పుడు.

చీరల హోల్‌సేల్ వ్యాపారం నాది. అయినా కార్ల రేసు ఉన్న ఆదివారం ఎవరొచ్చి పిలిచినా కదలను. ఒకప్పుడు ఆ కార్లు గేరు మారుతుంటే టీవీలో విన్నా ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు వాటికి బ్యాటరీలు తగిలించి గొంతు నొక్కేశారు. ఇంకొన్నాళ్ళు పోతే మిక్సీ తిరిగినట్టు తిరుగుతాయి, మనం చప్పట్లు కొట్టాలి.

ఈ మాట మీద నాతో పోట్లాడే మనిషి ఒక్కరే, మా బావగారు. మా అక్క భర్త. నేవీలో సబ్‌మెరైన్‌లో పనిచేసి వచ్చి ఉయ్యూరులో స్థిరపడ్డారు. ఆయన ఉద్యోగం వినడం. నీళ్ళ అడుగున హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, పైన పోయేది సరుకు ఓడో యుద్ధనౌకో, దగ్గరికొస్తోందో దూరమవుతోందో చెప్పాలి. చప్పుడంటే వృథాగా పోయిన బలమే తప్ప ఇంకేం కాదనేవారు ఆయన. నేను విమాన వాహక నౌకల గొప్ప చెప్పేవాణ్ణి. సముద్రం మీద ఒక ఊరంత ఓడ, దాని మీంచి యుద్ధ విమానం లేస్తుంటే అంతకన్నా పౌరుషం ఏముంటుందని. అదెక్కడుందో లోకమంతటికీ తెలుసు కదా, అందుకే దాని చుట్టూ కాపలాకి ఇంకో నాలుగు ఓడలు తిరగాలని ఆయన నవ్వేవారు. డీజిల్ సబ్‌మెరైన్ ఇంజిన్ ఆపేసి బ్యాటరీ మీద కదిలితే చేపకి కూడా తెలియదట. అణు ఇంజిన్ ఉన్నదానికి ఎంత బలమున్నా దాని పంపులు చప్పుడు చేస్తూ తిరుగుతూనే ఉండాలి. ఇన్నేళ్ళ వాదనలో నేను లోలోపల ఒప్పుకున్నది ఇదొక్కటే. పైకి ఇంకా ఒప్పుకోలేదు.

ఆ పనిలో చేరిన కొత్తలో వాళ్ళకి నేర్పే మొదటి సూత్రం ఆయన చాలాసార్లు చెప్పారు. వినపడిందే చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. వినపడకపోతే ఆ మాటే చెప్పి హెడ్‌ఫోన్లు పక్కవాడికి ఇచ్చెయ్యాలి. సిగ్గుపడి ఊరుకుంటే లోపలున్న అందరి ప్రాణాలూ పోతాయి.

అలాంటి మనిషికి చెవులు పోయాయి.

మొదట్లో మాకు తెలియలేదు. కూర అడిగితే పెరుగు ఇచ్చేవారు. ఫోను అక్క చేతికిచ్చేసేవారు. మన పెదాలు చూసి సగం మాటలు పట్టేసేవారు కాబట్టి చాన్నాళ్ళు నెట్టుకొచ్చారు. చెవి మిషను కొన్నాం. అది పెట్టుకుంటే ఫ్యాను, గిన్నెలు, మనుషులు అన్నీ ఒకే గోల అని తీసి డబ్బాలో పెట్టేశారు. కారు మాత్రం మానలేదు. కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు కారు ఆయనది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు, అన్నీ ఆయన చేత్తోనే చేసుకోవాలి. పోయిన చెరుకు సీజనులో కాలవ గట్టు మీద వెళ్తుంటే వెనక ట్రాక్టరు హారన్ కొడుతూనే ఉందట. ఈయన వినపడక పక్కకి తిప్పేశారు. ట్రాక్టరు గట్టు దిగి చేలో పడింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అప్పటినుంచి ఆయనచేత కారు మాన్పించమని అక్క నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"నేనంటే కోప్పడతారురా. నువ్వు చెప్తే వింటారు. ఆయనకేదన్నా అయినా, ఆయనవల్ల ఇంకొకళ్ళకేదన్నా అయినా నేను తట్టుకోలేను" అంది.

పిల్లి మెడలో గంట కట్టే పని నాకొచ్చింది. చెబుదామనే ఎన్నో ఆదివారాలు ఉయ్యూరు వెళ్ళాను. ఆయన ఎదురుగా కూర్చుని, నా పెదాల వంకే చూస్తుంటే ఆ మాట దాటేసేవాణ్ణి. రేసుల గురించి మాట్లాడి వచ్చేసేవాణ్ణి.

మొన్న దసరాకి ఆయుధపూజ వాళ్ళింట్లోనే. కారు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ ఇంట్లో పూజకి ఒక పద్ధతుంది. హారతి అయ్యాక నేను తాళం తిప్పాలి. ఆయన బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని ఇంజిన్ వింటారు. బాగుందని తలూపాక డ్రైవరు సీట్లోకి వచ్చి నిమ్మకాయల మీదుగా నడుపుతారు. అప్పటిదాకా ఎవరూ మాట్లాడకూడదు.

హారతి అయింది. సాంబ్రాణి పొగ ఇంకా కమ్ముకునే ఉంది. నేను తాళం తిప్పాను. తిప్పగానే అందుకుంది. ఆయన చేత్తో సరిచేసిన ఇంజిన్ కదా, మెత్తగా తిరుగుతోంది. తలూపుతారని బానెట్ పక్కనుంచి చూస్తున్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తారు. "ఊఁ, ఇంక స్టార్ట్ చెయ్యి" అన్నారు.

అక్క హారతి పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది. ఏం చెయ్యాలో తోచక నేను సీట్లోనే కూర్చుండిపోయాను. ఎంతకీ చప్పుడు రాకపోయేసరికి ఆయన కళ్ళు తెరిచారు. తిరుగుతున్న ఫ్యాను కనపడింది. అక్క ముఖం చూశారు, తర్వాత నా ముఖం. వంగి ఇంజిన్ పక్కన రేకు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచారు.

బానెట్ నెమ్మదిగా మూసి, బంతిపూల దండ సరిచేసి నా వైపు వచ్చారు. దిగబోయాను. వద్దని భుజం మీద చెయ్యి వేశారు.

"నాకు వినపడట్లేదోయ్. నువ్వే కూర్చో" అన్నారు.

చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నారు. ఆ సీట్లో ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. బెల్టు ఎటు లాగాలో ఒక క్షణం వెతుక్కున్నారు. నాకు ఏడుపొచ్చింది. నిమ్మకాయలు చితికాయి, కారు గేటు దాటింది.

కాలవ నిండుగా పారుతోంది. గట్టెక్కాక ఆయన నా పెదాలు కనపడేలా నావైపు తిరిగి కూర్చున్నారు.

"ఏం వినపడుతోంది?" అని అడిగారు.

ఇంజిన్ బాగుందన్నాను. అది తెలుసు, ఇంకా చెప్పమన్నారు. జీవితమంతా చప్పుడు చప్పుడని అరిచిన నాకు, ఏం చెప్పాలో వెంటనే దొరకలేదు. అద్దాలు దింపి చెవులు రిక్కించాను. ఎడమ వెనక తలుపు కొద్దిగా కొట్టుకుంటోందన్నాను. ఎక్కడో మోటారు నీళ్ళు తోడుతోందన్నాను. ఆయన ఒక్కోదానికీ తలూపుతున్నారు.

"వెనక బస్సు హారన్ కొడుతోంది బావగారూ."

"ఎంత దూరం?"

అద్దంలో చూడబోయి మానేశాను. విని చెప్పాను.

"దారియ్యి" అన్నారు.