దండేల లెక్క

ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో అవతలి దేశపు సైన్యాన్ని వెతకడం ఆమె ఉద్యోగం. లారీల మీద ఆకులు కప్పొచ్చు, ఫిరంగుల్ని గుంతల్లో దాచొచ్చు. ఉతికిన బట్టల్ని మాత్రం ఎండలో వేయక తప్పదు కదా! అందుకే భూతద్దం పెట్టి దండేలు లెక్కపెట్టేది. దండేనికి పదిమంది. ఆఫీసంతా ఆమెను దండేలక్క అనేవాళ్లు.

కిందటేడు ఏటిగట్టు శిబిరంలో వారంలో అరవై దండేలు లేచాయి. "కొత్తగా ఆరువందలమంది దిగారు, దాడికే" అని రాసి సంతకం చేసింది. మర్నాడే మన విమానాలు వెళ్లి బాంబులు వేసొచ్చాయి. వరదలో ఇళ్లు పోయినవాళ్లను ఆ శిబిరంలో ఉంచారని తర్వాత తెలిసింది. పాత ఫొటో మళ్లీ బయటికి తీసి చూసింది. సగం బట్టలు చిట్టిపొట్టివి. ఆమె దండేలే లెక్కపెట్టింది, బట్టలు చూడలేదు. శిక్షేమీ పడలేదు. ప్రమోషన్ ఇచ్చారు! ఇలాంటి చోట తప్పుకు ఖరీదు ఎప్పుడూ అవతలివాళ్లే చెల్లిస్తారు.

"ఇంత ఎండ పెట్టుకుని బట్టలు గదిలో ఆరేస్తావేంటే అక్కా? దయ్యం పట్టిందా?" అని చెల్లెలు నవ్వింది.

"పట్టింది."

"ఒకటేనా?"

"ఆరువందలు."



ఇవాళ ఆఫీసరు కొత్త ఫొటో తెచ్చాడు. సరిహద్దు కొండకు అవతల నలభై దండేలు.

"దాడికేనని రాసెయ్యండి అక్కగారూ. పైవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు."

ఈసారి ఒక్కో బట్టా చూసింది. అన్నీ పెద్దవే, అన్నీ ఒకే రంగు.

"సైనికులే సార్. నాలుగువందలమంది."

"ఇంకేం మరి?"

"ఎందుకొచ్చారో బట్టలు చెప్పవు కదా."

"తెలీదని రాయడానికా మనకు జీతాలు? రేపు వాళ్లు మన కాపలావాళ్ల మీద పడితే?"

కొండకు ఇవతల ఉన్నదీ తల్లుల బిడ్డలే. కలం రెండుసార్లు కాగితం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చివరికి "నాలుగువందలమంది సైనికులు. ఉద్దేశం తెలియదు" అని రాసి, కింద సంతకం చేసింది. ఆఫీసరు కాగితం లాక్కుని విసవిసా మేడెక్కాడు.

పైన ఏం తేల్చారో ఆమెకు చెప్పేవాళ్లు లేరు. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి ఆకాశానికి చెవి ఒగ్గింది. విమానాల మోత ఇటునుంచి లేస్తుందో అటునుంచి వస్తుందో! ఎటు వినిపించినా ఆ సంతకం తనదే. ఎదురుగా బస్సు వచ్చి ఆగింది, వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.