తల ఎత్తని కూడిక

మగ్గం గుంటలో కూర్చోవడం నా వల్ల కాదు. లెక్కల పనైనా నాకు సరిపోతుందేమో చూసుకుందామని ఈ రోజు పొద్దున్నే సుల్తానాబాద్‌లోని కమీషన్ మీద వడ్లు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి వెళ్లాను. అక్కడ లెక్కలు రాసే ముసలి మునీమ్ గారు ఒక పొడవాటి కూడిక నా ముందు పెట్టి, అయ్యేదాకా తల ఎత్తొద్దన్నారు. ఆ దుకాణంలో కూడిక చేస్తున్నవాణ్ణి సేటు కూడా కదిలించడు. కదిలిస్తే మళ్లీ మొదటి నుంచి కూడాలి.

మా బాపు షోలాపూర్ మిల్లులో నేతపనికి ఈ రోజే బయలుదేరాలి. సాయంత్రం బస్సు కదా, ఇంటికెళ్లి సాగనంపుదామనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక కూడిక తప్పు లేకుండా తేలింది. మునీమ్ గారి మొహం వెలిగిపోయింది.

"శెబాష్ బిడ్డా! నువ్వు గీ పనికే పుట్టినవ్. మీ బాపు వచ్చి గడప కాడ శానసేపు నిలబడ్డడు, పిలిచిండు. నువ్వు తల ఎత్తలే."

నిజంగా నాకేమీ వినపడలేదు.

"బాపు ఏడున్నడు?"

"తోటోళ్లు తొందర పెట్టిండ్రట, పగటి బస్సుకే పోయిండు. లెక్క చెడుతది, పోరన్ని కదిలియ్యకుండ్రి అని నాకే చెప్పి పోయిండు."

బస్టాండుకు పరుగెత్తాను. బస్సు లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది.

రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు. ఇంటికి వెళ్తే, పోయేముందు బాపు ఏమన్నాడని నన్ను కన్న అవ్వ అడుగుతుంది. అందుకే ఈ పఠనాలయంలో కూర్చుని ఇది రాసి గోడకు అంటిస్తున్నాను. అవ్వకు ఏం చెప్పాలో తెలిసినవాళ్లుంటే కింద రాసిపెట్టండి.