కొండ మీది నెర్రె

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నన్ను ఒకచోట కూర్చోనివ్వదు. వాన చప్పుడు వినబడితే లేచి వరండాలో తిరుగుతాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది భిలాయిలో ఖుర్సీపార్. అప్పట్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుని. గనుల వైపు కొండవాలులో పెంచిన నీలగిరి చెట్లు నరికించి, మళ్లీ మొక్కలు నాటించడం నా పని. అక్కడ కాపలాకి అప్పలనాయుడు ఉండేవాడు. శ్రీకాకుళం మనిషి, మా వీధివాడే. వారమంతా కొండ కింద రేకుల షెడ్డులో ఉండి, ఆదివారం ఇంటికి వచ్చేవాడు.

వానాకాలం ముందు ఒక మధ్యాహ్నం ఆయాసపడుతూ కొండ దిగి వచ్చాడు.

“బావూ, పైన నేల నెర్రిచ్చింది. నా సెయ్యి మోసేతి దాకా దిగిపోతంది. మిగిలిన సెట్లు కొట్టించకండి.”

“ఏటి నాయుడూ, ఎండలకి నేల పగలదా?”

“ఇది ఎండ పగులు కాదు బావూ. ఓపాలి ఎక్కి సూడండి.”

ఎక్కలేదు. ఇంటికి వెళ్లే పవర్ హౌస్ బస్సు తప్పిపోతుందనుకున్నాను. కారణం అంతే. వాలు గట్టిగానే ఉందని కాగితం మీద రాసి, మిగిలిన చెట్లూ కొట్టించాను.

ఆ జులైలో వాయుగుండం మావైపు తిరిగింది. మూడు రోజులు గాలీవానా వదల్లేదు. మూడో రోజు పొద్దున, మొద్దులతో సహా కొండవాలు జారి షెడ్డు మీద పడింది. నాయుడి శవాన్ని మధ్యాహ్నానికి గానీ బయటికి తీయలేకపోయారు.

ముందే ఎవరైనా హెచ్చరించారా అని విచారణకు వచ్చిన అధికారి అడిగాడు. లేదన్నాను. అక్కడితో ఆగి ఉంటే భయం కొద్దీ అన్నాననుకునేవాణ్ణి. కానీ ఆయన అడగకుండానే, వాన మొదలైన రోజే షెడ్డు ఖాళీ చేయమన్నాననీ, నాయుడే వినలేదనీ చెప్పాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చింది? దారిలోనే తయారు చేసుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. తేల్చుకోవడం ఇష్టం లేదేమో.

అతని భార్య పైడమ్మ నా మాటే నమ్మింది. ఇప్పటికీ నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. మొన్న నా ఎదుటే కూతురితో అంది, “మీ అయ్య ఈ మావయ్య మాట ఇనుంటే బతికేవోడే.”

నేను తల ఊపాను. ఊపకుండా ఉండలేకపోయానా?

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. చెప్పినా, క్షమించమని అడిగే మొహం లేదు. మీరూ క్షమించకండి. నాయుడు నన్ను హెచ్చరించాడు. షెడ్డు ఖాళీ చేయమని నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఈ రెండు వాక్యాలూ ఇన్నేళ్లలో మొదటిసారి రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.