వంకాయ ఎక్కని పొయ్యి

జమ్మికుంట దగ్గరి పల్లెలో నవనీత చేసే బుడంకాయ కూర తిన్నవాళ్లు గుత్తివంకాయను మరిచిపోతారు. అసలా కూర పుట్టిందే అందుకు. ఆమె మొగుడు కరుణాకర్‌కు వంకాయ గిట్టదు. పెళ్లయిన కొత్తలో కూర చూసి కంచం నెట్టేసి లేచి వెళ్లిన మహానుభావుడు. పుట్టింట్లో వంకాయ లేనిదే ముద్ద ముట్టని పిల్ల, ఆ రోజుతో దాన్ని మానేసింది.

పత్తి చేలలో కలుపు మధ్య అల్లుకునే, చిట్టి దోసకాయల్లాంటి బుడంకాయలను ఏరుకొచ్చి, నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి దంచి కూరేది. కాయలోనే పులుపుంటుంది గనుక చింతపండు అక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. ఒక్క చేదుకాయ పడిందా, గిన్నెడు కూరా పెంట పాలే. అందుకే ప్రతి కాయ కొసా కోసి నాలుకకు తగిలించుకునేది. చేదు ఆమె మింగి, మంచిది ఆయనకు వండేది.

తర్వాత కరుణాకర్ తాపీ పనికని మస్కట్ పోయాడు. రెండు మూడేళ్లకోసారి వస్తాడు. పిల్లలు లేరు, అత్త కాలం చేసింది. ఇంట్లో ఒక్కతే. అయినా వంకాయ పొయ్యెక్కలేదు.

"ఆయన మస్కట్‌ల ఉన్నడాయె. నువ్వీడ తింటే ఆడిదాంక వాసనొస్తదా ఏందే?" అని పక్కింటి బాలలక్ష్మి ఆటపట్టించేది.

నవనీత నవ్వేసేది. దండెం మీద మగవాడి అంగీ లేదు, గడప ముందు చెప్పులు లేవు. ఇది మొగుడున్న ఇల్లు అనుకోవడానికి ఆమెకు మిగిలింది వంకాయ వండకపోవడం ఒక్కటే. కూరగాయల బండి దగ్గర వంకాయలను దాటేసి బెండకాయలు ఏరుతుంటే, ఆయన వెనకాలే నిలబడ్డట్టు ఉండేది.

మొన్న వానకాలంలో ఆయన వచ్చాడు. చేలన్నీ తిరిగి కాయలు తెచ్చి, నాలుక మొద్దుబారేదాకా రుచి చూసి వండింది. ఆయన తిని తలూపాడు.

"మంచిగున్నది గని, రేపు వంకాయ వండరాదు? రూంల ఎవలో ఒకలు వండుతనే ఉంటరు. అలవాటైంది. అది లేకుంటే బువ్వ తిన్నట్టే ఉంటలేదు."

"ఎప్పటిసంది?"

"శానేండ్లాయె."

"ఫోన్లనన్న, ఇంటికొచ్చినప్పుడన్న ఒక్కనాడు చెప్పకపోతివి."

"గిది గూడ చెప్పే ముచ్చటనా?" అని నవ్వాడు.

మర్నాడు వండింది. ఆయన మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాడు. తానూ తింది. కూర కమ్మగా కుదిరింది, అదే ఆమెకు ఎక్కువ బాధ అనిపించింది. ఇన్నేళ్లూ తాను కాపురం చేసిన మనిషి ఎప్పుడో లేకుండా పోయాడు, ఆ సంగతి తనకే తెలియలేదు.

సెలవైపోయి ఆయన వెళ్లిపోయాడు. బండి వచ్చినప్పుడు వంకాయల ముందు చాలాసేపు నిలబడింది. దాటేయడానికి ఇప్పుడు ఏ కాయా లేదు. ఆ సాయంత్రం ఫోన్లో అడిగింది.

"ఇప్పుడు నీకేది నచ్చదో జర చెప్పరాదు."

"నాకా? నువ్వేం ఫికర్ చెయ్యకు నవనీతా. ఇప్పుడు అన్నీ తింటున్న."