చచ్చిన చెట్లని రాసింది నేనే

మొన్న మోండా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని బొల్లారంలో ఇల్లు చేరేసరికి, మా కాలనీ పార్కు వెనక ఉన్న మూడు గుంపెన చెట్లలో ఒకటి అప్పటికే నేలమీద పడి ఉంది. రెండోదాని మొదట్లో రంపం పెట్టబోతున్నారు. సంచీ అక్కడే పడేసి అరిచాను. ఈ వయసులో అంత గొంతు మిగిలి ఉందని నాకే తెలియదు. కమిటీ సెక్రటరీ, మా మేనల్లుడి ఈడువాడు, పరుగున వచ్చి మర్యాదగానే నచ్చజెప్పబోయాడు.

"అంకుల్, గివి ఎప్పుడో చచ్చిపోయినయ్. ఒక్క ఆకన్న ఉన్నదా చూడండి. కొమ్మ ఇరిగి పిల్లల మీద పడితే ఎవరికి తక్లీఫ్?"

చైత్రంలో గుంపెనకు ఆకులుంటాయా! ఈ గడ్డ మీద పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఒళ్లు మండదా? అయితే దాచుకోవడం ఎందుకు, ఆ మంటలో సగం నా మీదే. అటవీశాఖలో చేరిన కొత్తలో సరిగ్గా ఇదే మాట సర్కారు కాగితం మీద రాసి సంతకం పెట్టినవాణ్ణి నేను.

నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, మన అడవులు ఎండాకాలంలో ఎలా ఉండేవో. మాఘం దాటితే ఆకులన్నీ రాల్చేసి, బూడిద రంగు కట్టెల్లా నిలబడేవి. ఎండాకుల మీద మనం అడుగు వేస్తే చాలు, దుప్పులు ఆ చప్పుడు విని ఎటో మాయమయ్యేవి. అదే ఎండలో మోదుగ ఎర్రగా పూసేది, మొర్రి పండ్లు నల్లబడేవి, తెల్లవారేసరికి ఇప్పపూలు రాలి నేలంతా తీపి వాసన కొట్టేది, ఎలుగుబంటి వచ్చి వాటిని తినిపోయేది. మా ఊరి గుట్ట మీది అడవికి బీటు గార్డు మా మేనమామే. నన్ను వెంట తిప్పుకుంటూ, ఏ చెట్టు దగ్గరైనా ఆగి బెరడు గోరుతో గీకేవాడు. లోపల పచ్చగా కనిపించేది. అంతే, ఆయన చదివించిన చదువు.

నేను శాఖలో చేరాక ఒక చైత్రంలో దూరం నుంచి పెద్ద సారు జీపులో వచ్చి, గుట్టనంతా కళ్లద్దాల్లోంచి ఒకసారి చూసి, ఇదంతా చచ్చిన అడవి, కొట్టేసి నీలగిరి నాటాలని తేల్చేశాడు. మామ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"సచ్చిపోలే సారూ, పండుకున్నయ్. జెర గీకి చూడుండ్రి."

సారు నవ్వి నా వైపు తిరిగి, రిపోర్టు రాయమన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మామ నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను తల వంచుకుని రాశాను: ఎండిపోయిన చెట్లు, పనికిరానివి.

వానలు పడకముందే గుట్ట బోడి అయింది. నీలగిరి ఏపుగా పెరిగింది గానీ దాని కింద గడ్డి మొలవలేదు, ఏ పిట్టా పండు తినడానికి రాలేదు. మరుసటి ఏడు పూల కాలానికి ఎలుగు వచ్చి, నరికిన ఇప్ప మొదళ్ల చుట్టూ వాసన చూస్తూ తిరిగిపోయిందని మామ చెప్పాడు. ఆయన నాతో ఆడిన ఆఖరి మాట అదే. తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడినా పలకరించలేదు. నాకు మాత్రం ఉద్యోగం పర్మినెంటు అయింది!

సెక్రటరీని పడిపోయిన చెట్టు దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. కోసిన చోట జిగురు కారుతోంది. చచ్చినదానికి జిగురు ఎక్కడిదని అడిగాను. నిలబడిన రెండింటినీ గీకి పచ్చదనం చూపించాను. అతను గొణిగి, చివరికి ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"అయితే రాసియ్యండి అంకుల్. రేపు ఏమన్న అయితే జిమ్మేదారి మీదే."

అప్పట్లో అడవి తెలియనివాడు ఎక్కడినుంచో జీపులో వచ్చేవాడు. ఇప్పుడు రోజూ చెట్టు నీడలో కారు పెట్టుకునేవాడికే ఆ చెట్టు తెలియడం లేదు. తిడదామంటే నాకు నోరెక్కడిది? కాగితం తీసుకుని, రెండు చెట్లూ బతికే ఉన్నాయి, పూచీ నాది అని రాసి సంతకం పెట్టాను. ఇంత చిన్న మాట. ఆ రోజు గుట్ట మీద, మామ నా ముఖంలోకి చూస్తున్నప్పుడు, నేను రాస్తానని ఆయన ఎదురుచూసింది ఈ మాట కోసమే.