సుందరం మాస్టారి శ్రుతి

ఫిజిక్స్ చెప్పి బతికినవాణ్ణి. దయ్యాల కబుర్లు వింటే నాకు అప్పుడూ నవ్వొచ్చేది, ఇప్పుడూ వస్తుంది. కాబట్టి ఇది చదివి ఎవరూ నాకు తాయెత్తులు పంపవద్దని మనవి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో పనిచేసేవాణ్ణి. ఇన్నీసుపేటలో మేడమీద గది. ముప్పై ఏళ్ళు దగ్గర పడుతుండగా నాకు గిటార్ పిచ్చి పట్టింది. అదీ సినిమా పాటలకి కాదు, డెబ్బైల నాటి ఇంగ్లీషు రాక్ పాటలకి. ఊళ్ళో అవి నేర్పేది సుందరం మాస్టారు ఒక్కరేనన్నారు.

మాస్టారు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవారు. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేవారు. సాయంత్రం ఆ షాపులోనే నాకూ, ఇంకో ఇద్దరికీ పాఠం. ఆయన సంగీతం పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. కాకినాడ పోర్టులో పనిచేసే బావమరిది ఎప్పుడో తెచ్చిచ్చిన క్యాసెట్లు ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి, ఒక్కో పాటా చెవితో పట్టుకున్నారు. వాటిలో ఒక పాటంటే ఆయనకి ప్రాణం. మాటలు సగం అర్థం కాకపోయినా వాయించేటప్పుడు కళ్ళు మూసుకునేవారు.

నా వేళ్ళు బొబ్బలెక్కితే భార్య రత్నం గారిని పిలిచి కొబ్బరినూనె తెప్పించేవారు. "సుద్దముక్క పట్టుకునే వేళ్ళండీ ఇవి. కంగారు పెట్టకూడదు" అనేవారు. నా గిటార్‌కి కూడా ఆయనే శ్రుతి చేసి ఇచ్చేవారు.

ఒకసారి హైదరాబాద్ వెళ్ళి ఆయన ప్రాణంగా చూసుకునే ఆ పాట సీడీ, శ్రుతి సరిచూసే ఒక ఎలక్ట్రానిక్ ట్యూనర్ కొనుక్కొచ్చాను. సీడీతో పాటు వాయిస్తే కలవలేదు. ట్యూనర్ పెట్టి చూశాను. ఆరు తీగలూ ఉండాల్సిన చోటికంటే ఒకే లెక్కన కిందికి ఉన్నాయి. రెండు స్వరాలకి మధ్యన, ఏ స్వరానికీ చెందని చోట.

కారణం వెంటనే తట్టింది. మాస్టారి టేప్ రికార్డర్ బెల్టు సాగిపోయింది. క్యాసెట్ నెమ్మదిగా తిరిగితే పాట శ్రుతి దిగుతుంది. ఊళ్ళో అందరి టేప్ రికార్డర్లకీ బెల్టులు మార్చే మనిషి తనది మార్చుకోలేదు.

మర్నాడు షాపులో, మిగతా ఇద్దరి ముందు, ఈ సంగతంతా క్లాసులో చెప్పినట్టు చెప్పాను. "ఇన్నేళ్ళుగా తప్పు శ్రుతిలో వాయిస్తున్నారు మాస్టారూ" అని నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

ఆయన నేను పెట్టిన సీడీ చివరిదాకా విన్నారు. "నిజమేనండి. మీదే కరెక్టు" అని గిటార్ గోడకి తగిలించారు. ఆ తర్వాత కూడా పాఠాలు చెప్పారు గానీ, తను మాత్రం వాయించలేదు. క్షమించమని అడగాలని రోజూ అనుకునేవాణ్ణి. రేపు, ఎల్లుండి అని నేను నానుస్తూ ఉండగానే, రెండు నెలలకి గుండెపోటుతో పోయారు.

రత్నం గారు ఆయన గిటార్‌ని పెట్టెతో సహా నా చేతిలో పెట్టారు. "ఇది లెక్చరర్ గారి దగ్గరుంటే సరిగ్గా పలుకుతుందని అన్నారు బాబూ" అన్నారు. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

గదికి తెచ్చి, ట్యూనర్ పెట్టి సరైన శ్రుతికి బిగించాను. మర్నాడు కాలేజీ నుంచి వచ్చి తీస్తే ఆరు తీగలూ దిగి ఉన్నాయి. పాత తీగలు కదా అని కొత్తవి వేశాను. దిగాయి. తీగలు బిగించే బిరడాలు మార్చాను. అయినా దిగాయి. గోదావరి గాలిలో తేమ అనుకుని నా గిటార్ పక్కనే పెట్టి చూశాను. నాది కదల్లేదు. పెట్టెకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళాను. వచ్చి తీస్తే మళ్ళీ దిగే ఉన్నాయి.

పదకొండు రోజులు రోజూ బిగించి, ఎంత దిగాయో నోటుబుక్కులో రాశాను. తేమకి తీగలు సడలితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సడలాలి. ఇవి ఆరూ దిగి, ప్రతిసారీ ట్యూనర్ ముల్లుని ఒకే గీత దగ్గర నిలబెట్టేవి. అది మాస్టారి శ్రుతి. భయం వేయలేదు, ఏడుపొచ్చింది. పన్నెండో రోజు నుంచి బిగించడం మానేశాను.

ఏడాది తిరిగాక వాళ్ళింట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. రత్నం గారు ఆ పాట వాయించమన్నారు. ముందు అందరికీ షాపులో ఆ రోజు నేనన్న మాట చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. తర్వాత ఆయన గిటార్ మీద, ఆయన శ్రుతిలోనే వాయించాను. రత్నం గారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఆయనే కూర్చున్నట్టుందండి" అన్నారు.

గిటార్‌ని పెట్టెలో పెట్టి, తాళం వేసి గదికి తెచ్చుకున్నాను. మర్నాడు ఉదయం తీసి ఒక తీగ మీటాను. శ్రుతి పైకుంది. ట్యూనర్ పెట్టాను. ఆరు తీగలకీ ముల్లు సరిగ్గా నడిమధ్య నిలబడింది. అది నా శ్రుతి, సీడీ శ్రుతి.

తీగ సడలడానికి ఎన్ని కారణాలైనా చెప్పగలను, పిల్లల చేత పరీక్షలో రాయించగలను. దానంతట అది బిగుసుకోవడానికి ఒక్కటీ చెప్పలేను. బిరడా ఎవరో ఒకరు తిప్పాలి. తాళంచెవి నా జేబులోనే ఉంది.

మా వైపు ఇద్దరు మనుషులు గుమ్మం దగ్గర ఎదురుపడితే ఒక పట్టాన ఎవరూ లోపలికి వెళ్ళరు. మీరు పదండంటే మీరు పదండని అక్కడే నిలబడిపోతారు. ఆ ఉదయం నాకు అదే గుర్తొచ్చింది. "లేదు మాస్టారూ, మీదే కానివ్వండి" అని పైకే అన్నాను. ఆరు బిరడాలూ ఒక్కొక్కటిగా తిప్పి, తీగల్ని ఆయన శ్రుతికి దించాను.

ఇరవై ఏళ్ళు దాటింది. తీగలు ఎన్నోసార్లు మార్చాను. శ్రుతి మళ్ళీ కదల్లేదు. ఇదంతా ఎలా జరిగిందా అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను. ఆయన నన్ను క్షమించారో లేదోనని మాత్రం, ఆ ఉదయం తర్వాత ఎప్పుడూ అనుకోలేదు.